వచ్చినవాళ్ళు ఎందుకు నిలవడం లేదు: ఎదగని సంఘం గురించి ఒక పాస్టర్ గారికి సమాధానం

పాస్టర్ గారికి వందనాలు.

మీ ప్రశ్న క్లుప్తంగా ఇది. ఐదేళ్ళుగా ఆదివారం హాజరు అరవై మంది దగ్గరే ఆగిపోయింది. ఏటా మూడు రోజుల సువార్త కూటాలు పెడుతున్నారు, కరపత్రాలు పంచుతున్నారు. కొత్తవాళ్ళు వస్తున్నారు గానీ మూడు నాలుగు వారాలకే కనిపించకుండా పోతున్నారు. లోపం ప్రార్థనలో ఉందా, వర్తమానంలో (ప్రసంగంలో) ఉందా, ఇంకా పెద్ద కూటాలు పెట్టాలా అని అడిగారు.

ఈ ఏడాదికి కూటాలు పెంచకండి. కొత్తవాళ్ళు వస్తున్నారని మీరే రాశారు, కాబట్టి రావడంలో లోపం లేదు, నిలవడంలోనే ఉంది. వర్తమానం బాగుంటే మనిషి కొన్ని వారాలు వస్తాడు. తన పేరు పెట్టి పిలిచేవాళ్ళు, రాకపోతే ఎందుకు రాలేదని అడిగేవాళ్ళు సంఘంలో నలుగురు దొరికితేనే ఉండిపోతాడు. ఆ నలుగురూ దొరికే ఏర్పాటు లేకుండా కూటాలు పెంచితే చిల్లుకుండలో నీళ్ళు పోసినట్టే అవుతుంది.

ప్రార్థన సంగతి ముందే చెప్పేస్తాను. వృద్ధి కలుగజేసేవాడు దేవుడే అని మొదటి కొరింథీయులు మూడో అధ్యాయంలో పౌలు తేల్చి చెప్పాడు. అదే వాక్యంలో నాటినవాడూ ఉన్నాడు, నీళ్ళు పోసినవాడూ ఉన్నాడు. మన చేతిలో ఉన్న పని పద్ధతిగా జరగకపోతే దాన్ని విశ్వాసుల ప్రార్థన లోపంగా చెప్పి వాళ్ళమీద భారం మోపడం న్యాయం కాదు. ప్రార్థించండి, కానీ పేర్లతో ప్రార్థించండి. "నశించిపోతున్న ఆత్మల కోసం" అని మొత్తంగా చేసే ప్రార్థన తర్వాత ఎవరూ ఎవరి ఇంటికీ వెళ్ళరు. ఒక పేరు పట్టుకుని నెల రోజులు ప్రార్థించినవాళ్ళు ఆ మనిషిని పలకరించకుండా ఉండలేరు.

మొదట చేయాల్సింది లెక్క. ఐదేళ్ళ హాజరు పుస్తకం తీయండి. పుస్తకం లేకపోతే ఇద్దరు పెద్దలతో కూర్చుని జ్ఞాపకం ఉన్నంతవరకు పేర్లు రాయండి. చేరినవాళ్ళను మూడు వరుసలుగా విడదీయండి: విశ్వాసుల ఇళ్ళల్లో పుట్టి పెరిగి బాప్తిస్మం తీసుకున్న పిల్లలు, వేరే సంఘం నుంచి వచ్చి చేరినవాళ్ళు, కొత్తగా నమ్మినవాళ్ళు. ఈ మూడు రకాల విభజనను వాడుకలోకి తెచ్చింది సంఘాలు ఎలా ఎదుగుతాయో అధ్యయనం చేసిన మిషనరీ డొనాల్డ్ మెక్‌గావ్రన్, ఆయన శిష్యులు. మెక్‌గావ్రన్ 1897లో మన దేశంలోనే, దమోహ్‌లో, మిషనరీ కుటుంబంలో పుట్టాడు. మూడు వరుసలు కలిపి చూస్తే సంఘం ఎదుగుతున్నట్టే కనిపించవచ్చు, విడదీస్తే కొత్తగా నమ్మినవాళ్ళ వరుస ఖాళీగా ఉండవచ్చు. పక్క సంఘం నుంచి ఇరవై మంది వస్తే దేవుని రాజ్యంలో ఒక్కరు కూడా పెరిగినట్టు కాదు.

వెళ్ళిపోయినవాళ్ళ పేర్లూ అలాగే రాయండి. ఊరు మారినవాళ్ళు, చనిపోయినవాళ్ళు, వేరే సంఘానికి వెళ్ళినవాళ్ళు, ఎక్కడికీ వెళ్ళకుండా ఇంట్లోనే ఉండిపోయినవాళ్ళు. ఈ చివరి జాబితా చదవడం కష్టంగానే ఉంటుంది, అయినా మీకు ఎక్కువ నేర్పేది అదే. ప్రతి పేరు పక్కన మూడు సంగతులు నింపండి: ఎవరి ద్వారా వచ్చారు, సంఘంలో దగ్గరి స్నేహితులు ఎవరు, చివరిసారి వాళ్ళింటికి ఎవరు వెళ్ళారు. రెండో గడి ఖాళీగా ఉన్న పేర్లు ఎన్ని ఉన్నాయో చూడండి. మీ ప్రశ్నకు జవాబు ఆ గడిలో దొరుకుతుంది.

అంకెల విషయంలో ఓపిక కావాలి. అరవై మందిలో ఏటా ఆరుగురు ఏదో ఒక కారణంతో తగ్గుతారనుకుందాం. అప్పుడు ఆరుగురు కొత్తవాళ్ళు నిలిస్తేనే మీరు ఉన్నచోట ఉంటారు. పదిశాతం పెరగాలంటే పన్నెండు మంది నిలవాలి. అలా ఏటా పదిశాతం పెరిగితే ఐదేళ్ళకు దాదాపు 97 మంది అవుతారు. ఇది చిన్న ఎదుగుదలలా అనిపిస్తే ఒక లెక్క చూడండి. సామాజిక శాస్త్రవేత్త రాడ్నీ స్టార్క్ తొలి క్రైస్తవుల సంఖ్యను అంచనా వేస్తూ, క్రీ.శ. 40లో వెయ్యి మందితో మొదలుపెట్టి పదేళ్ళకు 40 శాతం చొప్పున పెరిగారనుకుంటే క్రీ.శ. 300 నాటికి 60 లక్షలు దాటతారని చూపాడు. అంటే ఏడాదికి మూడున్నర శాతం కన్నా తక్కువే. ఆయన లెక్క అంచనాయే గానీ, ఆగకుండా సాగే చిన్న ఎదుగుదలకు ఎంత బలముందో తెలుస్తుంది.

ఇప్పుడు కొత్త మనిషి మీ మందిరానికి వచ్చిన రోజును దగ్గరగా చూద్దాం. ఆరాధన సమయంలో పెద్ద ఇబ్బంది ఉండదు, అందరూ ఒకేవైపు చూస్తుంటారు. అసలు పరీక్ష ఆశీర్వాద ప్రార్థన అయ్యాక మొదలవుతుంది. విశ్వాసులు వారమంతా కలవని తమవాళ్ళ దగ్గరికి వెళ్ళి మాటల్లో పడతారు, పెద్దలు కానుకల పని మీద ఉంటారు, మీరు ఎవరికో ప్రార్థన చేస్తుంటారు. కొత్తగా వచ్చినావిడ తలుపు దగ్గర కాసేపు నిలబడి, ఫోన్ తీసి చూసుకుని, ఎవరూ పలకరించకపోయేసరికి వెళ్ళిపోతుంది. "మా సంఘం చాలా ప్రేమగల సంఘం" అని ఆ గుంపుల్లో ఉన్నవాళ్ళు నిజంగానే నమ్ముతారు, ఎందుకంటే వాళ్ళకు ఆ ప్రేమ దొరుకుతోంది.

దీనికి మందు సులభం, రోజూ వేయాలి, అంతే. ఆరాధన ముగిసిన మొదటి ఐదు నిమిషాలు విశ్వాసులు తమ స్నేహితులతో కాకుండా తమకు తెలియని మనిషితోనే మాట్లాడాలని సంఘంలో నియమం పెట్టండి, రెండు మూడు నెలలు ప్రతివారం గుర్తుచేయండి. కొత్తవాళ్ళను నిలబెట్టి పేరు చెప్పమనకండి, చాలామందికి అది బెదురు. చిన్న చీటీ మీద పేరు, ఫోన్ నంబరు, ఎవరితో వచ్చారు అన్నవి చాలు. సోమవారం సాయంత్రంలోగా ఒక విశ్వాసి ఫోన్ చేయాలి. ఆ ఫోన్ మీరు చేయకండి. పాస్టర్ చేస్తే అది ఆయన పని అనుకుంటారు, మామూలు విశ్వాసి చేస్తే మనసుకు తగులుతుంది. రెండో వారం లోపు, వాళ్ళకు ఇష్టమైతేనే, ఒకసారి ఇంటికి వెళ్ళి ఇరవై నిమిషాలకు మించకుండా కూర్చుని రావాలి. నాలుగో వారంలోగా ఒక చిన్న సహవాస గుంపులోకి తీసుకువెళ్ళాలి. ఈ నాలుగు వారాల బాధ్యత ఒక్కొక్క కొత్త మనిషికి ఒక్కొక్క విశ్వాసి పేరు మీద రాసిపెట్టండి. స్త్రీలకు స్త్రీలే, పురుషులకు పురుషులే. "అందరం చూసుకుందాం" అన్న చోట ఎవరూ చూసుకోరు.

కొత్తవాళ్ళు ఎక్కడినుంచి రావాలి అన్నది తర్వాతి మాట. అపొస్తలుల కార్యములు చదివితే సువార్త ఇళ్ళ గుండా, బంధుత్వాల గుండా నడిచినట్టు కనిపిస్తుంది. కొర్నేలీ తన బంధువులనూ ముఖ్య స్నేహితులనూ పిలిచి కూర్చోబెట్టాడు. లూదియ, ఫిలిప్పీ చెరసాల అధికారి, కొరింథులో క్రిస్పు, అందరూ ఇంటివారితో కలిసి వచ్చారు. యోహాను సువార్తలో అంద్రెయ మొదట వెతికింది సొంత సహోదరుణ్ణి. అందుకే కరపత్రం కన్నా పరిచయం ఎక్కువ దూరం వెళుతుంది. కరపత్రం వద్దని నేను అనడం లేదు, పరిచయం ఉన్న చేతినుంచి అందితే చదువుతారు.

ఇందులో ఒక చిక్కు ఉంది, చాలా సంఘాలు గమనించవు. పదేళ్ళనాటి విశ్వాసికి సంఘం బయట స్నేహితులే మిగలరు. వారంలో ఐదు రోజులు ఏదో ఒక కూడిక ఉంటే ఇరుగుపొరుగుతో కూర్చునే తీరిక ఎక్కడిది? కొత్తగా నమ్మినవాళ్ళకు మాత్రం పాత పరిచయాలన్నీ ఇంకా ఉంటాయి. మొదటి ఏడాది రెండేళ్ళలోనే వాళ్ళ ఇంటివాళ్ళూ తోటివాళ్ళూ వినడానికి సిద్ధంగా ఉంటారు. ఆ సమయంలో వాళ్ళను వెంటనే వేదిక మీదికో సంఘం పనుల్లోకో లాగేసి తీరిక లేకుండా చేయకండి. వారంలో కూడికలు తగ్గించి అయినా సరే, రెండు సాయంత్రాలు ఖాళీగా ఉంచండి.

మెక్‌గావ్రన్ 1955 నుంచి చెప్పిన సంగతుల్లో ఒకటి ఇక్కడ జాగ్రత్తగా తీసుకోవాలి. జనం తమలాంటివాళ్ళ మధ్య ఉంటూనే క్రీస్తును నమ్మడానికి ఇష్టపడతారన్నది ఆయన పరిశీలన. జనం ప్రవర్తన గురించిన మాటగా అది చాలావరకు నిజమే. దాన్ని సంఘానికి నియమంగా పెట్టుకుంటే మాత్రం ఒకే వర్గపు సంఘం తయారవుతుంది, గలతీయులు 3:28తో దానికి పొసగదు. అంతియొకయ సంఘపు నాయకుల పేర్లు కార్యములు 13:1లో చూడండి, ఎన్ని చోట్లవాళ్ళో, ఎన్ని అంతస్తులవాళ్ళో. సువార్త పరిచయాల గుండా వెళ్ళనివ్వండి, ప్రభు బల్ల దగ్గర మాత్రం అందరూ ఒకటిగా ఉండాలి.

చిన్న గుంపుల గురించి కాస్త వివరంగా రాస్తాను, మీ సంఘానికి ఎక్కువ మేలు చేసేది ఇదే. 1742లో ఇంగ్లండులోని బ్రిస్టల్‌లో, మెథడిస్టు ఉద్యమ నాయకుడు జాన్ వెస్లీ అనుచరులు మందిరం అప్పు తీర్చడానికి ఒక ఏర్పాటు చేసుకున్నారు. సుమారు పన్నెండు మందికి ఒకరు బాధ్యులుగా ఉండి వారానికి తలకొక పెన్నీ పోగుచేయాలి. ఇంటింటికీ తిరిగినవాళ్ళకు డబ్బుతో పాటు ఎవరు తాగుతున్నారో, ఎవరు భార్యతో గొడవపడుతున్నారో కూడా తెలిసింది. వెస్లీ వెంటనే ఆ గుంపులను కాపరి పనికి వాడుకున్నాడు. అదే కాలంలో మరో సువార్తికుడు జార్జ్ విట్‌ఫీల్డ్ ప్రసంగానికి ఇంకా పెద్ద జనసమూహాలు వచ్చేవి, కానీ తరాలపాటు నిలిచినవి వెస్లీ గుంపులే. సియోల్‌లో 1958లో మొదలైన యొయిదో సంఘం కథా ఇలాంటిదే. పాస్టర్ యొంగీ చో 1964లో అలసి కుప్పకూలాక, ఇళ్ళలో గుంపులు నడిపే పనిని ఎక్కువగా స్త్రీల చేతిలో పెట్టాడు. ఆ సంఘం ప్రపంచంలోనే అతి పెద్ద సంఘాల్లో ఒకటయింది.

మీ అరవై మందికి ఐదారు గుంపులు సరిపోతాయి. ఒక్కొక్క దాంట్లో ఎనిమిది నుంచి పన్నెండు మంది. ఒకేసారి అన్నీ మొదలుపెట్టకండి. కాబోయే నాయకులతో మీరే ఒక గుంపు మూడు నెలలు నడపండి, వాళ్ళు చూసి నేర్చుకుంటారు, తర్వాత విడిపోయి రెండేసి మంది చొప్పున ఒక్కొక్క గుంపు తీసుకుంటారు. కూడిక గంటన్నర దాటకూడదు. మొదటి పావుగంట వారం ఎలా గడిచిందో మాటలు, ఒకటి రెండు పాటలు, నలభై నిమిషాలు వాక్యం, మిగిలినది ఒకరికోసం ఒకరు ప్రార్థన. వాక్యం దగ్గర నాలుగు ప్రశ్నలు చాలు: ఈ భాగం దేవుని గురించి ఏం చెబుతోంది, మనుషుల గురించి ఏం చెబుతోంది, ఈ వారం నేను ఏం చేయాలి, ఇది ఎవరికి చెప్పగలను. తర్వాతి వారం మూడో ప్రశ్న, నాలుగో ప్రశ్న ఏమయ్యాయో అడిగాకే కొత్త భాగం మొదలుపెట్టాలి. అడగకపోతే నెలకే ఎవరూ ఏమీ చేయరు.

గుంపులు చెడిపోయే దారులు కొన్ని ఉన్నాయి. నాయకుడు ఆదివారంలాగా ముప్పావుగంట ప్రసంగిస్తాడు, మిగతావాళ్ళు తలలూపుతారు. ప్రార్థన అవసరాలు చెప్పుకున్నది బయటికి పాకుతుంది. ఒక్కసారి అలా జరిగితే ఆ గుంపులో ఇక ఎవరూ నోరు విప్పరు, కాబట్టి రహస్యం నిలపడం మొదటి రోజే మాట తీసుకోవాల్సిన సంగతి. ఇంటివాళ్ళు భోజనం పెట్టడం పోటీగా మారి, పెట్టలేనివాళ్ళు తమ ఇంట్లో కూడిక వద్దంటారు. మంచినీళ్ళు మాత్రమే అని ముందే ఒప్పుకోండి. పదిహేను మంది అయ్యాక కూడా విడిపోకపోతే కొత్తవాళ్ళకు మాట్లాడే సందు దొరకదు. పదమూడో మనిషి వచ్చిన రోజునుంచే సహాయ నాయకుణ్ణి రెండో గుంపుకు సిద్ధం చేయాలి.

ఇక మీ సంగతి. అరవై దగ్గర ఆగిపోవడానికి ఇంకో కారణం మీరే అయి ఉండవచ్చు, నిందగా అనడం లేదు. అన్ని ఇళ్ళకూ మీరే వెళుతూ, రోగుల దగ్గర మీరే ప్రార్థిస్తూ, తాళాలు కూడా మీ దగ్గరే ఉంటే, ఒక మనిషి చేతులు చాలినంతవరకే సంఘం ఎదుగుతుంది. కార్యములు ఆరో అధ్యాయంలో విధవరాండ్రకు పంచే ఏర్పాటులో సణుగు పుట్టింది. అపొస్తలులు ఆ పనిని ఏడుగురికి అప్పగించారు, ఏడో వచనంలో వాక్యం ప్రబలి శిష్యుల సంఖ్య విస్తరించిందని ఉంది. సణిగినవాళ్ళు గ్రీకు మాట్లాడే యూదులు, ఎంచుకున్న ఏడుగురివీ గ్రీకు పేర్లే. ఎవరికి అన్యాయం జరిగిందో వాళ్ళలోనుంచే మనుషులను తీసుకున్నారు.

పని అప్పగించడం అంటే ఒక రోజు చెప్పి వదిలేయడం కాదు. మీరు చేస్తుంటే అతను చూడాలి, తర్వాత ఇద్దరూ కలిసి చేయాలి, తర్వాత అతను చేస్తుంటే మీరు చూడాలి, ఆపైన అతనే చేసి వచ్చి చెప్పాలి. రోగుల దర్శనం, కొత్తవాళ్ళ ఫోన్లు, సండే స్కూల్, లెక్కలు, ఈ నాలుగూ ముందు మీ చేతిలోంచి పోవాలి. బోధ, ప్రార్థన, నాయకుల తయారీ మీ దగ్గర ఉండాలి. పనితో పాటు నిర్ణయించే అధికారం కూడా ఇవ్వండి. ప్రతిదానికీ మీ అనుమతి అడగాల్సి వస్తే మంచివాళ్ళు ఆరు నెలలకు తప్పుకుంటారు. ఎక్కువ కానుక ఇచ్చేవాళ్ళను పెద్దలుగా పెట్టడం, నిన్న మొన్న నమ్మినవాణ్ణి పెద్ద బాధ్యతలో కూర్చోబెట్టడం రెండూ ప్రమాదమే. రెండోదాని గురించి మొదటి తిమోతి 3:6 సూటిగానే హెచ్చరిస్తుంది.

సువార్త కూటాలు వచ్చే ఏడాది పెట్టుకోవచ్చు, తయారీ మార్చి. ఆరు వారాల ముందు ప్రతి విశ్వాసీ ఐదు నుంచి ఏడు పేర్లు రాసుకుని రోజూ ప్రార్థించాలి, ఆ ఆరు వారాల్లో ప్రతి ఒక్కరినీ కనీసం ఒకసారి ఏ ఆహ్వానమూ లేకుండా మామూలుగా కలవాలి, చివరి పది రోజుల్లో తామే పక్కన ఉండి తీసుకురావాలి. అమెరికా సువార్తికుడు బిల్లీ గ్రాహం సభల వెనుక అంద్రెయ పేరుతో ఇలాంటి ఏర్పాటే నడిచేది, ముందుకు వచ్చినవాళ్ళతో మాట్లాడటానికి శిక్షణ పొందినవాళ్ళూ ఉండేవాళ్ళు. వేదిక ఖర్చులో సగం తగ్గించినా ఫరవాలేదు, ఈ శిక్షణ మానకండి. చెయ్యి ఎత్తినవాళ్ళను రక్షణ పొందినవాళ్ళుగా లెక్క రాయకండి. ఆసక్తి చూపినవాళ్ళు అని రాసి, 48 గంటల్లో ఒకరు మాట్లాడి, అసలు వాళ్ళు ఏం అర్థం చేసుకున్నారో అడగాలి. రోగం తగ్గాలని చెయ్యి ఎత్తినవాళ్ళు ఉంటారు, పక్కవాళ్ళు ఎత్తారని ఎత్తినవాళ్ళూ ఉంటారు.

బాప్తిస్మానికి ముందు ఎనిమిది నుంచి పన్నెండు వారాల పాఠాలు పెట్టండి. పాపం, సిలువ, పునరుత్థానం, మారుమనస్సు, ప్రార్థన, వాక్య పఠనం, సంఘం, శ్రమలు. ఈ చివరిది వదిలేసే సంఘాల్లోనే మొదటి కష్టానికి ఎక్కువమంది జారిపోతారు. ఫిలిప్పీ చెరసాల అధికారికి ఆ రాత్రే ఇచ్చారు కదా అంటారు, నిజమే. అయితే తొలి శతాబ్దాల్లోనే కొన్ని సంఘాలు మూడేళ్ళ దాకా నేర్పి ఇచ్చేవి. ఆలస్యం చేయమనడం లేదు, నేర్పకుండా ఇవ్వవద్దంటున్నాను.

చేయకూడనివి గట్టిగా చెప్పాలి. డబ్బు, సరుకులు, ఉద్యోగం, చదువు ఆశచూపి ఎవరినీ పిలవకండి. పేదలకు సాయం చేయండి, ఆరాధనకు రానివాళ్ళకూ అంతే చేయండి. ప్రార్థించి మందులు మానేయమని ఎప్పుడూ చెప్పకండి. తల్లిదండ్రులకు తెలియకుండా పిల్లలకు బోధించకండి. ఇతరుల దేవుళ్ళను, ఆచారాలను వేదిక మీద తక్కువచేసి మాట్లాడకండి. మన నిరీక్షణకు కారణం అడిగినవాళ్ళకు సాత్వికంతో, భయంతో జవాబివ్వమంది మొదటి పేతురు 3:15. 2011లో వాటికన్ మతాంతర సంభాషణ మండలి, ప్రపంచ చర్చిల మండలి, ప్రపంచ ఇవాంజెలికల్ అలయన్స్ కలిసి విడుదల చేసిన పత్రం కూడా మోసాన్ని, బలవంతాన్ని, ప్రలోభాలను ఖండించింది. ఈ మూడు వర్గాలూ ఒకేమాట మీదికి రావడం అరుదు. మీరు ఉన్నచోట మతప్రచారం మీద, సభల అనుమతుల మీద ఉన్న చట్టాన్ని న్యాయవాదిని అడిగి తెలుసుకుని పాటించండి. వేరే సంఘ సభ్యులు మీ దగ్గరికి వస్తే చేర్చుకునేముందు వాళ్ళ పాస్టర్ గారితో మాట్లాడండి.

కానుకలను బంధుత్వం లేని ఇద్దరు లెక్కపెట్టి, ఇద్దరూ సంతకం చేసి, నెలకొకసారి వచ్చింది, పోయింది బయట పెట్టాలి. రెండో కొరింథీయులు 8:20లో పౌలు చందా తీసుకెళ్ళడానికి తనతో పాటు వేరేవాళ్ళను పంపింది ఎవరూ తప్పు పట్టకూడదనే. డబ్బు మీద అనుమానం పుట్టిన సంఘంలోకి విశ్వాసులు తమ స్నేహితులను తీసుకురారు, కారణం మాత్రం మీకు చెప్పరు.

ఆరు నెలల తర్వాత హాజరు సంఖ్యను పక్కన పెట్టి నాలుగు సంగతులు చూడండి. మొదటిసారి వచ్చినవాళ్ళలో నాలుగో వారం కూడా వచ్చినవాళ్ళు ఎందరు, గుంపుల్లో ఉన్నవాళ్ళు ఎందరు, మీరు కాక ఇంటిదర్శనాలు చేసినవాళ్ళు ఎందరు, పాఠాలు పూర్తిచేసి బాప్తిస్మం తీసుకున్నవాళ్ళు ఎందరు. మొదటి మూడూ పెరుగుతుంటే హాజరు ఇంకా అరవై దగ్గరే ఉన్నా పద్ధతి మార్చకండి, కనీసం ఏడాదిన్నర అదే సాగించండి. మందిరంలో కుర్చీలు ఐదింట నాలుగు వంతులు నిండుతుంటే కొత్తగా వచ్చినవాళ్ళకు చోటు లేనట్టే అనిపిస్తుంది, అప్పుడు రెండో ఆరాధన ఆలోచించండి. దూరంనుంచి వచ్చే రెండు మూడు కుటుంబాలు ఒకే ప్రాంతంలో ఉండి, అక్కడి గుంపు ఇరవై మందికి చేరి, వాళ్ళలో నేర్పగలిగిన ఒకరు తయారైతే, వాళ్ళను మీ దగ్గరే ఉంచుకోకుండా అక్కడే కొత్త సంఘంగా పంపండి. మొదటి ఏడాది నెలకు రెండుసార్లు మీరు వెళ్ళండి, ఖర్చు వాళ్ళ కానుకలతోనే నడవనివ్వండి.